భాద్రపదంలో పూల నారు: వరంగల్ ఇంటి తోటలో ఏవి ఇప్పుడు పోయాలి, ఏవి ఆగి పోయాలి?

నయీంనగర్ మేడతోట:

మిత్రులందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఇంటి ముందు తూర్పు వైపు కొద్దిపాటి ఖాళీ స్థలం, మేడ మీద కుండీలు, గ్రో బ్యాగులు ఉన్నాయి. ప్రతి ఏడాదీ దసరా దాటగానే నర్సరీ నుంచి పూసిన మొక్కలనే తెచ్చుకునేవాళ్లం. అవి నెల తిరగకముందే వడలిపోతున్నాయి కనుక, ఈసారి విత్తనం నుంచే పెంచుకోవాలని నిశ్చయించుకున్నాం. ముద్దబంతి, జిన్నియా, కాస్మోస్, ఆస్టర్, పెటూనియా ప్యాకెట్లు తెచ్చాను. చామంతి విత్తనం కూడా ఒక ప్యాకెట్ దొరికింది. అన్నింటి వెనకా సెప్టెంబరు నుంచి నవంబరు వరకు విత్తుకోవచ్చు అన్న ఒకే మాట అచ్చు వేసి ఉంది. మన దగ్గర ఈ మూడు నెలల్లో మొదటిది పూర్తిగా వానలతోనూ, చివరిది చలితోనూ గడుస్తుంది కాబట్టి, అన్నింటికీ ఒకే కాలం ఎలా సరిపోతుందో నాకు అర్థం కావడం లేదు.

ఇప్పుడే నారు పోస్తే ఏవి బతుకమ్మకు అందుతాయి, ఏవి కార్తీకానికి, ఏవి సంక్రాంతికి అందుతాయి అన్నది నా మొదటి సందేహం. రెండవది, కిందటి ఏడాది మా చెల్లెలు వాళ్లింట్లో ఊరి చెల్క నుంచి తెచ్చిన ఎర్రమట్టిలో బంతి నారు పోశారు. విత్తనాలు బాగానే మొలిచాయి గానీ, రెండు ఆకులు విప్పుకున్న తరువాత నేలను ఆనుకుని ఉన్న చోట కాడ నల్లబడి, మొక్కలు వరుసగా ఒరిగిపోయాయి. దానికి కారణమేమిటో, ముందుగా ఏ జాగ్రత్త తీసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

హుజూరాబాద్ బంతి చేను:

నమస్కారం అండీ. మేము అమ్మకానికి బంతి వేస్తాం కనుక పండుగల లెక్క మాకు బాగా అలవాటు. పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టుకుంటూ పోవడమే మా పద్ధతి. హైబ్రిడ్ ముద్దబంతి విత్తిన నాటి నుంచి మొదటి పువ్వు విచ్చడానికి సుమారు 60 నుంచి 70 రోజులు పడుతుంది. పొట్టిగా గుబురుగా పెరిగే ఫ్రెంచి బంతి 45 నుంచి 55 రోజుల్లోనే పూస్తుంది. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు చేతికి పువ్వు రావాలంటే ఆషాఢం చివర గానీ, శ్రావణం మొదట గానీ నారు పోసి ఉండాలి. కాబట్టి మీరు ఇప్పుడు పోసే ఏ విత్తనమూ ఈ సద్దుల బతుకమ్మకు అందదు. ఈ మాట ముందే తెలిస్తే మంచిది. లేకపోతే చాలామంది దసరా నాటికి మొగ్గ కనిపించలేదని ఎరువు మీద ఎరువు వేసి, ఆకు పెంచి, మొక్కను పాడు చేసుకుంటారు.

ఇప్పుడు, అంటే సెప్టెంబరు రెండో వారంలో పోసిన ముద్దబంతి నవంబరు నడిమికి పూస్తుంది. అది కార్తీకమాసం పూజలకు సరిగ్గా అందుతుంది. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టుకునే పువ్వు కోసం అక్టోబరు చివరి వారంలో మళ్లీ కొంత నారు పోయండి. చలిలో మొక్క ఎదుగుదల మెల్లగా ఉంటుంది గనుక, ఆ రెండో విడతకు పది రోజులు ఎక్కువే వేసుకోవడం మేలు. ప్యాకెట్ మొత్తం ఒకేసారి విత్తవద్దు. ఒకేసారి విత్తితే ఒకేసారి పూసి, ఒకేసారి అయిపోతుంది. రెండు మూడు విడతలుగా పోసుకుంటే ఇంటి ముందు మాఘం దాకా పువ్వు ఉంటుంది.

ఇక ప్యాకెట్ మీద ఎవరూ రాయని సంగతి ఒకటి ఉంది. అది పగటి పొడవు. సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతంలో పగలూ రాత్రీ సమానంగా ఉంటాయి. అక్కడి నుంచి పగలు కుదించుకుపోతూ, డిసెంబరు మూడో వారానికి మన వరంగల్ అక్షాంశంలో దాదాపు 11 గంటలకు వస్తుంది. కాస్మోస్, ముద్దబంతి, సీతజడ వంటివి పగలు చిన్నదవుతున్న కొద్దీ తొందరపడి మొగ్గ తొడుగుతాయి. జూన్‌లో విత్తిన కాస్మోస్ నిలువెత్తు పెరిగి గాలికి పడిపోతే, అదే విత్తనం అక్టోబరులో వేస్తే మోకాలి ఎత్తులోనే పూస్తుంది. ఇంటి తోటకు, ముఖ్యంగా మేడ మీది కుండీకి, ఇది మేలు చేసే గుణమే. అయితే మొక్క చిన్నది కనుక పువ్వుల సంఖ్య తగ్గుతుంది. అందువల్ల నాటేటప్పుడు కాస్త దగ్గరగా నాటుకోవాలి. చేనులో ముద్దబంతికి అడుగున్నర ఎడం ఇస్తాం. మీరు అక్టోబరు నారుకు ఒక అడుగు ఇచ్చినా సరిపోతుంది.

చామంతి విత్తనం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దాన్ని ఇప్పుడు విత్తి ప్రయోజనం లేదు. చామంతి కూడా రాత్రి పొడవు పెరిగితేనే మొగ్గ వేసే మొక్క. మన దగ్గర పాత మొక్క చుట్టూ వచ్చే పిలకలను జూన్, జులైలలో విడదీసి నాటుతాం. అవి వానాకాలమంతా గుబురు కట్టి, చలి మొదలయ్యే వేళకు పూస్తాయి. ఇప్పుడు మొలిచిన పిల్ల మొక్కకు గుబురు కట్టేంత వ్యవధి ఉండదు. పైగా విత్తనం నుంచి వచ్చిన చామంతి తల్లి రంగులో, తల్లి రూపంలో పూస్తుందన్న నమ్మకం లేదు. ఈ ఏడాదికి మంచి రకం మొక్కలు రెండు కొనుక్కోండి. పూత అయిపోయాక నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు ఉంచి కత్తిరించి, ఎండాకాలం నీడలో కాపాడుకుంటే వచ్చే ఏటికి పిలకలు మీ ఇంట్లోనే ఉంటాయి.

జగిత్యాల పెరటి సాగు (ఉద్యానశాఖ విశ్రాంత ఉద్యోగి):

పై మిత్రులు కాలం సంగతి వివరంగా చెప్పారు కనుక నేను రెండో సందేహానికి వస్తాను. మీ చెల్లెలు గారింట్లో బంతి నారుకు వచ్చినది నారుకుళ్లు తెగులు. నేలలో ఉండే పిథియం, రైజోక్టోనియా వంటి శిలీంధ్రాల వల్ల ఇది వస్తుంది. నేలమట్టం దగ్గర కాడ వేడినీళ్లు పోసినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి, మొక్క ఒరిగిపోతుంది. ఆకులు అప్పటికింకా పచ్చగానే ఉంటాయి కాబట్టి చాలామంది నీళ్లు చాలలేదనుకుని మరిన్ని పోస్తారు. దానితో తెగులు పక్క మొక్కలకు మరింత వేగంగా పాకుతుంది. తడి నిలవడం, విత్తనం ఒత్తుగా పడటం, గాలి ఆడకపోవడం అనే మూడూ కలిసినప్పుడు ఇది విజృంభిస్తుంది. భాద్రపదంలో మన వాతావరణం సరిగ్గా అలాంటిదే. నైరుతి రుతుపవనాలు మన జిల్లాల నుంచి వెనుదిరిగేది సాధారణంగా అక్టోబరు నడిమికి గనుక, అప్పటిదాకా నారును వాన నేరుగా పడని చోట, వెలుతురు మాత్రం దండిగా వచ్చే చోట ఉంచాలి. మేడ మీద రేకుల పందిరి అంచున గానీ, తూర్పు వరండాలో గానీ పెట్టవచ్చు.

చెల్క మట్టి మొక్క నాటడానికి మంచిదే గానీ, నారుకు ఒంటరిగా పనికిరాదు. వాన చినుకుల దెబ్బకు అది పైన అట్ట కట్టి గట్టిపడుతుంది. అందులో తెగులు బీజాలు కూడా ఉంటాయి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు వంతులు, జల్లించిన వర్మికంపోస్టు ఒక వంతు కలిపి, పిడికెడు వేపపిండి చేర్చండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టిన తరువాత ఆ నీటిని పిండి పారబోసి, మరో రెండు సార్లు మంచినీటితో కడగాలి. కడగని కోకోపీట్‌లో ఉప్పు మిగిలి ఉండి, లేత వేరు మాడుతుంది. ఈ విషయాన్ని చాలా ఇళ్లలో పట్టించుకోరు. విత్తనం మొలవలేదన్న ఫిర్యాదులు విన్నప్పుడు నేను మొదట అడిగేది దీని గురించే. మన బోరు నీళ్లు కూడా చాలా చోట్ల కఠినమైనవి కాబట్టి, ఈ నెలలో పడే వాన నీటిని నాలుగు బకెట్లు పట్టి పెట్టుకుంటే నారు దశ అంతా గడిచిపోతుంది.

విత్తే ముందు ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రం పొడిని విత్తనానికి పట్టించాలి. కిలో విత్తనానికి 4 గ్రాములన్నది పొలం లెక్క. మీ ప్యాకెట్‌కు చిటికెడు చాలు. మిగిలిన పొడిని వర్మికంపోస్టులో కలిపి, నీళ్లు చిలకరించి, గోనెసంచి కప్పి వారం రోజులు నీడలో ఉంచి వాడితే మరింత బలంగా పని చేస్తుంది. అప్పటికీ ట్రేలో ఒక మూల తెగులు కనిపిస్తే, పడిపోయిన మొక్కలను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసివేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రనాశక మందును లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. అయితే ఆ మందు, ట్రైకోడెర్మా ఒకే సమయంలో వాడకూడదు. మందు ఆ మేలు చేసే శిలీంధ్రాన్ని కూడా చంపుతుంది. తడి విషయంలో నా సలహా ఏమిటంటే, పైనుంచి నీళ్లు పోయడం మానేసి, ట్రేను రెండు వేళ్ల లోతు నీళ్లున్న పళ్లెంలో కాసేపు ఉంచండి. పైభాగం రంగు ముదరగానే తీసివేయండి. ఈ పని పొద్దున చేయాలి. సాయంత్రం తడిపితే రాత్రంతా పైపొర చెమ్మగా ఉండిపోతుంది.

మొలక కనిపించిన రోజునే ట్రే మీద కప్పిన సంచినీ కాగితాన్నీ తీసివేసి వెలుతురుకు జరపండి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడలు తెల్లగా, పొడవుగా సాగిపోతాయి. అలా సాగిన నారు నాటిన తరువాత కూడా నిలబడదు. నిజమైన ఆకులు రెండు జతలు వచ్చాక నీటిలో కరిగే 19-19-19 ఎరువును లీటరుకు 1 గ్రాము చొప్పున వారానికొకసారి ఇస్తే చాలు. అంతకు ముందు ఏ ఎరువూ అవసరం లేదు. నాలుగైదు ఆకులతో, విత్తిన 25 నుంచి 30 రోజులకు నారు నాటడానికి వస్తుంది. నాటే ముందు వారం రోజులు దాన్ని కొంచెం కొంచెంగా ఎండకు అలవాటు చేయాలి.

కాజీపేట కుండీలు:

అందరికీ నమస్కారం. పెటూనియా గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. దాని విత్తనం ధూళిలా ఉంటుంది. ఒక గ్రాములో దాదాపు పది వేల గింజలు ఉంటాయి. దాని మీద మట్టి కప్పితే మొలవదు, ఎందుకంటే మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. ట్రేలోని మిశ్రమాన్ని ముందే తడిపి, అరచేత్తో మెల్లగా చదును చేసి, విత్తనాన్ని రెండు చెంచాల ఎండిన సన్న ఇసుకతో కలిపి ఉప్పు చల్లినట్టు పైపైన చల్లండి. తరువాత పారదర్శకమైన పాలిథిన్ కవరు కప్పి, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచండి. తడి ఆరితే పిచికారీ సీసాతో మంచులా కొట్టాలి. ధార పడితే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. వారం నుంచి పన్నెండు రోజుల్లో ఆకుపచ్చని చుక్కల్లాంటి మొలకలు కనిపిస్తాయి. అవి చాలా నెమ్మదిగా ఎదుగుతాయి. ఏమీ జరగడం లేదనిపించే ఆ మూడు వారాలు ఓపిక పట్టాలి. పెటూనియా పూతకు రెండున్నర, మూడు నెలలు పడుతుంది కాబట్టి సెప్టెంబరు చివర పోస్తే సంక్రాంతికి ముందు పూస్తుంది. సాల్వియా, అలిసమ్ కూడా వెలుతురు కోరే విత్తనాలే. ఫ్లాక్స్, కాలెండ్యులా అందుకు భిన్నంగా చీకటి కోరతాయి. వాటిని పావు అంగుళం మేర కప్పాలి. పాన్సీ మీద మనసు ఉంటే నవంబరు దాకా ఆగండి. మన అక్టోబరు వేడికి దాని విత్తనం సరిగా మొలవదు.

జిన్నియా, కాస్మోస్ ట్రేలో పోయకుండా, అవి ఉండాల్సిన కుండీలోనే గుంటకు రెండు గింజల చొప్పున వేయడం నాకు నచ్చుతుంది. వేరు కదిలిస్తే అవి కొన్నాళ్లు అలిగినట్టు ఆగిపోతాయి. ఆస్టర్‌ను మాత్రం తప్పకుండా నారు పోసి నాటాలి. దానికి మూడు నెలల పైనే పడుతుంది కనుక మీ ప్యాకెట్లన్నింటిలో మొదట తెరవవలసినది అదే. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన కామిని, పూర్ణిమ, శశాంక్, వయొలెట్ కుషన్ రకాలు దక్షిణాది వాతావరణానికి అలవాటు పడినవి. దొరికితే వాటినే తీసుకోండి. ఆస్టర్ విత్తనానికి ఆయుష్షు తక్కువ. ఏడాది దాటిన ప్యాకెట్ కొనవద్దు. అనుమానం ఉంటే పది గింజలను తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, పది రోజుల తరువాత విప్పి చూడండి. ఆరేడు మొలిస్తే విత్తనం మంచిదే. అంతకంటే తక్కువైతే ఎక్కువ గింజలు వేసుకోవాలి.

మన ఊళ్లో మరో రెండు బెడదలకు ముందే సిద్ధపడాలి. మొదటివి చీమలు. జిన్నియా, బంతి గింజలను ఒక రాత్రిలో ఎత్తుకుపోతాయి. ట్రేను నాలుగు ఇటుకల మీద పెట్టి, ఆ ఇటుకలను నీళ్లున్న పళ్లేల్లో నిలబెడితే అవి ఎక్కలేవు. రెండోవి కోతులు. పూసిన బంతిని అవి పెద్దగా తినవు గానీ, కొత్తగా కదిలిన మట్టి కనిపిస్తే చాలు, కుండీని తవ్వి నారును పీకి పారేస్తాయి. నాటిన మొదటి రెండు వారాలు ఇనుప జాలీతో గూడు చేసి కప్పడం తప్ప, నాకు తెలిసి, నమ్మకమైన ఉపాయం మరొకటి లేదు.

నయీంనగర్ మేడతోట:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు చెప్పిన ప్రకారం రేపు ఆస్టర్, ముద్దబంతిలో మొదటి విడత పోస్తాను. పెటూనియా నెలాఖరుకు, జిన్నియా, కాస్మోస్ వానలు తగ్గాక పోస్తాను. చామంతి ప్యాకెట్ పక్కన పెట్టేశాను. ఇంకొక మూడు సందేహాలు మిగిలాయి. మా మేడకు ఆనుకునే వీధి దీపం ఉంది. పగటి పొడవు గురించి చదివాక అది పూతకు అడ్డం వస్తుందేమోనని అనిపించింది. పూజకు తెచ్చే బంతి దండలను ఎండబెట్టి విత్తనంగా వాడవచ్చా? అలాగే మా అమ్మగారికి గునుగు పువ్వంటే ప్రాణం. ఆమె చిన్నతనంలో చేన్ల గట్ల మీద గంపల కొద్దీ కోసుకొచ్చేవారట. ఇప్పుడు బతుకమ్మ పేర్చడానికి అదీ అంగడిలోనే కొంటున్నాం. దాన్ని ఇంట్లో పెంచడం సాధ్యమేనా?

హుజూరాబాద్ బంతి చేను:

వీధి దీపం గురించి మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. రాత్రి నడుమ వెలుగు పడితే చామంతి దాన్ని పగలుగానే లెక్కపెట్టుకుంటుంది. బెంగళూరు, హోసూరు వైపు రైతులు పూత వెనక్కి జరపడానికి చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించేది ఇందుకే. దీపానికి దగ్గరగా ఉన్న మొక్క ఆకు వేస్తూనే ఉండి, నాలుగడుగుల అవతల నీడలో ఉన్నది మొగ్గ తొడగడం మీరే చూడవచ్చు. కాబట్టి చామంతి, కాస్మోస్ కుండీలను పిట్టగోడ నీడ పడే వైపు పెట్టి, పెటూనియా, కాలెండ్యులాలను దీపం వైపు ఉంచండి. వాటికి ఆ వెలుగు అడ్డం కాదు.

దండలోని బంతి విత్తనం మీద ఆశ పెట్టుకోవద్దు. అమ్మకానికి కోసే పువ్వును విత్తనం ముదరకముందే, తాజాగా ఉన్నప్పుడే కోస్తాం. అందువల్ల దానిలో ఎక్కువ భాగం తాలే. మొలిచిన కొద్దిపాటి కూడా హైబ్రిడ్ సంతానం గనుక ఒకటి ముద్దగా, ఒకటి ఒంటి రెక్కతో, రకరకాలుగా పూస్తాయి. విత్తనం కావాలంటే, పాత నాటు బంతి మొక్కల్లో బాగా పూసినదాన్ని ఎంచి, పువ్వును కొమ్మ మీదే పూర్తిగా ఎండనివ్వాలి. కింది దొప్ప గోధుమ రంగుకు తిరిగాక కోసి, నల్లని గింజలను మాత్రమే ఏరి కాగితం పొట్లంలో దాచుకోవాలి.

గునుగు విషయంలో మీ అమ్మగారి బాధ మా ఊరి ఆడపడుచులందరిదీ. పత్తి, మక్కజొన్న చేన్లలో కలుపు మందుల వాడకం పెరిగిన తరువాత అది గట్లకే పరిమితమైంది. దాన్ని పెంచడం కష్టం కాదు, కాలం మాత్రం తెలియాలి. గునుగు, మనం పట్టుకుచ్చు అని పిలిచే సీతజడ, రెండూ ఒకే జాతి మొక్కలు. పగలు కుదించుకుపోయే ఈ రోజుల్లో విత్తితే గునుగు జానెడు ఎత్తులోనే వెన్ను తీసి ఆగిపోతుంది. అందుకని ఈ ఏడాది విత్తనం సేకరించి, వచ్చే జూన్‌లో తొలకరికి చల్లుకోవాలి. బతుకమ్మ అయ్యాక, కార్తీకంలో, ఊరి గట్ల మీద ముదిరి గడ్డి రంగుకు మారిన వెన్నులను కోసుకు రండి. ఒక వెన్నును అరచేతిలో నలిపి మెల్లగా ఊదితే పొట్టు ఎగిరిపోయి, ఆవగింజ కంటే చిన్నవైన నల్లని మెరిసే గింజలు మిగులుతాయి. గుప్పెడు వెన్నులు మీ ఇంటి ముందు స్థలానికి చాలా ఎక్కువే.

జగిత్యాల పెరటి సాగు (ఉద్యానశాఖ విశ్రాంత ఉద్యోగి):

ఆ గింజలను ఎండలో రెండు రోజులు ఆరబెట్టి, బూడిద కలిపి, మూత బిగువుగా ఉన్న సీసాలో చల్లని చోట ఉంచమనండి. గునుగుకు తల్లివేరు లోతుకు పోతుంది కనుక కుండీ కంటే నేలే మంచిది. తొలకరికి మట్టిని వేళ్లతో గీరి, పైపైన చల్లి, మొలిచాక జానెడుకొక మొక్క ఉంచి మిగిలినవి కూరకు కోసుకోవచ్చు. లేత గునుగు ఆకు మన పల్లెల్లో కూర వండుకునేదే. మీ బంతి నారు సంగతి ఒకటి మిగిలింది. నాటిన మొక్క ఐదారు జతల ఆకులకు రాగానే తల తుంచండి. పూత పది రోజులు వెనకబడుతుంది గానీ, పక్క కొమ్మలు వచ్చి పువ్వుల సంఖ్య బాగా పెరుగుతుంది. అక్టోబరు చివర పోసే సంక్రాంతి విడతకు మాత్రం తల తుంచవద్దు, ఆ పది రోజులు మీకు మిగలవు.